హాలుకి ఒద్దికైన కంప్యూటర్

మా అక్క పెళ్లి 2005లో అయింది. వీడియో తీసినాయన మూడు డీవీడీలు చేసి, పైన పెళ్లి ఫొటో అతికించిన పెట్టెలో పెట్టి ఇచ్చాడు. పోయిన సంక్రాంతికి అందరం ఇంట్లో చేరినప్పుడు అమ్మ బీరువాలోంచి ఆ పెట్టె తీసింది. "ఓసారి పెట్టరా, మీ తాతయ్యని చూడాలనుంది" అంది. డీవీడీ ప్లేయర్ మూలపడి చాలా ఏళ్లయింది. పాత లాప్‌టాప్‌లో డిస్కు పెట్టి, ఫైళ్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని హాల్లో ఉన్న 55 అంగుళాల టీవీకి పెట్టాను.

బొమ్మ వచ్చింది. తలంబ్రాల దాకా బాగానే ఉన్నట్టనిపించింది. అక్క చేతులు పైకి లేచి బావ తల మీద తలంబ్రాలు పోస్తుంటే ఆ చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోయాయి. చెయ్యి ఆగితే అంచు మామూలుగానే ఉంది, కదిలితే చాలు మళ్లీ చీలింది. పీటల పక్కన కుర్చీలో కూర్చున్న తాతయ్య మొహం అడ్డంగా సాగిపోయింది. "ఆయన ఇలా ఉండేవాడు కాదురా" అంది అమ్మ. కాసేపు చూసి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

టీవీ పక్కన ఒక కంప్యూటర్ పెట్టాలని ఆ సాయంత్రమే అనుకున్నాను. ఏది పెట్టాలో తేలడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. షాపులో అడిగేవి ఎప్పుడూ ఒకటే ప్రశ్నలు: ఐ5 కావాలా, ఐ7 కావాలా, ర్యామ్ ఎంత, గ్రాఫిక్ కార్డు ఏది? ఆఫీసు పనికో ఆటలకో అయితే ఆ ప్రశ్నలు సరైనవే. హాలుకి వాటిలో ఒక్కటీ ముఖ్యం కాదు. హాల్లో పెట్టే కంప్యూటర్‌కి వేగం కన్నా ఒద్దిక కావాలి. అది వీడియోకీ, టీవీకీ, గదికీ, చివరికి రిమోట్ పట్టుకునే మనిషికీ ఒదిగిపోవాలి. ఆ ఒదగడం వెనక చాలా సైన్సుంది.

దువ్వెన పళ్ల సంగతి

ముందు ఆ చేతుల చీలిక గురించి చెబుతాను. దాని మూలం పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో ఉంది. అవి బొమ్మని ఒక్క దెబ్బలో వేసేవి కావు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో బొమ్మకి 625 గీతలు, వాటిలో బొమ్మని మోసేవి 576. సెకనులో యాభయ్యో వంతులో బేసి గీతలన్నీ గీసి, తర్వాతి యాభయ్యో వంతులో సరి గీతలన్నీ గీసేవి. అంటే సెకనుకి 50 సగం బొమ్మలు. కన్ను ఆ రెండు సగాలనీ తనంతట తనే కలిపేసుకునేది. ప్రసారానికి పట్టే జాగా సగానికి తగ్గేది, కదలిక మాత్రం సెకనుకి 50 సార్లు తెలిసేది. ఉన్న కొద్దిపాటి వనరుతో ఇంత సాధించిన ఆనాటి ఇంజినీర్లంటే నాకు చాలా గౌరవం.

2005 నాటి పెళ్లి కెమెరా కూడా ఆ పద్ధతిలోనే బొమ్మ పట్టింది. బేసి గీతలు పట్టిన క్షణానికీ, సరి గీతలు పట్టిన క్షణానికీ మధ్య సెకనులో యాభయ్యో వంతు ఎడం. తలంబ్రాలు పోసే చెయ్యి సెకనుకి 2 మీటర్ల వేగంతో కదులుతోందనుకుంటే, ఆ ఎడంలో అది 4 సెంటీమీటర్లు జరుగుతుంది. ఇప్పటి టీవీ అన్ని గీతలనీ కలిపి ఒకే బొమ్మగా చూపిస్తుంది. రెండు సగాలనీ అలాగే పక్కపక్కన పేర్చేస్తే ఒక గీతలో చెయ్యి ఇక్కడ ఉంటుంది, దాని కింది గీతలో 4 సెంటీమీటర్ల అవతల ఉంటుంది. మాకు కనపడిన దువ్వెన అదే.

దీన్ని సరిచేయడాన్ని డీఇంటర్‌లేసింగ్ అంటారు. ఒక సగాన్ని పారేసి మిగతా సగాన్ని సాగదీయడం అన్నిటికన్నా సులువైన దారి. అలా చేస్తే నగల మెరుపూ, చీర అంచూ సగం పోతాయి. రెండు సగాలనీ కలిపి కలగాపులగం చేస్తే చేతుల వెనక నీడలు పడతాయి. మంచి పద్ధతి వేరే ఉంది. బొమ్మలో ఏ భాగం కదలకుండా ఉందో, ఏ భాగం కదులుతోందో ప్రోగ్రామే చూస్తుంది. కదలని పందిరి గుంజ దగ్గర రెండు సగాలనీ యథాతథంగా కలుపుతుంది. కదిలే చెయ్యి దగ్గర మాత్రం పైగీతనీ కిందిగీతనీ, ముందు వెనక బొమ్మలనీ చూసి మధ్య గీతని ఊహించి పూరిస్తుంది. సగం బొమ్మ ఒక్కోదానికీ ఒక పూర్తి బొమ్మ తయారై, సెకనుకి 50 బొమ్మలవుతాయి. వీఎల్‌సీ ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ మెనూకి వెళ్లి 'యాడిఫ్ 2ఎక్స్' ఎంచుకుంటే జరిగేది ఇదే. ఫ్రాన్స్‌లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థులు 1996లో కాలేజీ ప్రాజెక్టుగా మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. ఇరవై ఏళ్ల కిందటి మన పెళ్లి వీడియోకి అది ఇవాళ ప్రాణం పోస్తోంది. మా టీవీలో పెన్‌డ్రైవ్ ఆడించే ప్లేయర్‌కి ఈ విద్య రాదు.

తాతయ్య మొహం సాగడం దానికన్నా చిన్న సంగతి. పాత డీవీడీ బొమ్మ వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి 4:3. ఇప్పటి టీవీ 16:9. టీవీ ఆ బొమ్మని తెర నిండా సాగదీస్తే మనిషి సరిగ్గా మూడో వంతు వెడల్పెక్కుతాడు. 1957 నాటి 'మాయాబజార్' చూసేటప్పుడు కూడా చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. అప్పటి సినిమా ఫ్రేము 1.37:1, దాదాపు 4:3యే. కుడి ఎడమల నల్లటి పట్టీలు వస్తే అవి లోపం కాదు, కెమెరామన్ చూసిన బొమ్మ చూసినట్టుగా వచ్చిందని అర్థం. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. స్కోప్ సినిమాలకి పట్టీలు పైనా కిందా వస్తాయి, తెరలో పావు వంతు దాకా తీసుకుంటాయి. దయచేసి జూమ్ చేయకండి. అంచుల్లో ఉన్న మనుషులు పోతారు.

చిప్‌లో ఒక మూల

టీవీకి తగిలిద్దామని నేను మొదట తీసుకొచ్చింది 2013లో కొన్న డెస్క్‌టాప్‌ని, అందరూ సీపీయూ అని పిలిచే ఆ నల్ల డబ్బాని. పెళ్లి డీవీడీని అది బాగానే ఆడించింది. సంతోషపడి, మా మేనల్లుడి పుట్టినరోజున ఫోన్‌లో తీసిన 4కే వీడియో పెట్టాను. రెండు సెకన్లు ఆడి ఆగింది. మాట ముందుకి పోయింది, బొమ్మ వెనకబడింది. ఫ్యాను రొద పెంచింది. ఇంటర్నెట్టూ, లెక్కలూ, టైపింగూ ఇప్పటికీ చకచకా చేసే ఆ యంత్రం జేబులో పట్టే ఫోను తీసిన వీడియోని ఆడించలేకపోయింది.

దీనికి కారణం తెలియాలంటే వీడియో ఫైలు లోపల ఏముందో చూడాలి. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 1920 అడ్డం, 1080 నిలువు, మొత్తం 20,73,600 చుక్కలు. చుక్కకి 24 బిట్ల రంగు, సెకనుకి 24 బొమ్మలు. హెచ్చవేస్తే సెకనుకి దాదాపు 119 కోట్ల బిట్లు. అదే బొమ్మని ఓటీటీలు సెకనుకి 50 లక్షల బిట్లలో ఇంటికి పంపిస్తున్నాయి. అంటే రెండు వందల రెట్లకి పైగా కుదింపు. ఇంత కుదించినా కన్ను పెద్దగా తేడా పట్టకపోవడం ఈ కాలపు గణితం చేసిన గొప్ప పనుల్లో ఒకటని నా నమ్మకం.

కుదింపు ఎలా జరుగుతుందంటే, పొలాల మధ్య రోడ్డు మీద బస్సు పోతున్న దృశ్యం అనుకోండి. పొలాలు మారవు, ఆకాశం మారదు. ప్రతి బొమ్మలోనూ వాటిని మళ్లీ మళ్లీ రాయనక్కర్లేదు. మొదటి బొమ్మ పూర్తిగా రాసి, తర్వాతి బొమ్మకి 'బస్సున్న ముక్కలు ఇంత కుడికి జరిగాయి, మిగతా అంతా పాతదే, చిన్న తేడా ఇదీ' అని చీటీ రాస్తే చాలు. ఫైల్లో ఎక్కువగా ఉండేవి ఈ చీటీలే. ఆడించేటప్పుడు వాటిని చదివి, ముక్కలు జరిపి, తేడాలు కలిపి మళ్లీ బొమ్మ కట్టాలి. అది సెకనుకి 24 సార్లో 60 సార్లో ఒక్కసారి కూడా ఆలస్యం లేకుండా జరగాలి.

చీటీలు రాసే భాష తరం తరానికీ మారింది. మన ఇళ్లలో తిరిగిన వీసీడీలది ఎంపెగ్-1. డీవీడీలది ఎంపెగ్-2. 2003లో హెచ్.264 వచ్చింది, 2013లో హెచ్‌ఈవీసీ, 2018లో ఏవీ1. హెచ్.264 బొమ్మని 16 చుక్కల చదరపు ముక్కలుగా కోస్తే, హెచ్‌ఈవీసీ 64 చుక్కల దాకా, ఏవీ1 128 చుక్కల దాకా పెద్ద ముక్కలు వాడగలవు. ఆకాశంలాంటి చోట పెద్ద ముక్క, కనురెప్పల దగ్గర చిన్న ముక్క. ప్రతి కొత్త భాషా ఫైలుని ఇంకా చిన్నది చేసింది, విప్పే పనిని ఇంకా పెంచింది.

ఈ పనిని ప్రాసెసర్ మామూలు పద్ధతిలో చేయొచ్చు, కానీ అన్ని పనులూ చేసేలా తయారైన ప్రాసెసర్ దానికి చాలా చెమటోడ్చాలి. అందుకే చిప్‌లో ఒక మూల ఆ పని తప్ప ఇంకేమీ చేయని సర్క్యూట్ పెడతారు. దాన్నే హార్డ్‌వేర్ డీకోడర్ అంటారు. ఆ సర్క్యూట్‌కి పుట్టినప్పుడు నేర్పిన భాషలే వస్తాయి, తర్వాత నేర్పలేం. నా 2013 డెస్క్‌టాప్ చిప్ తయారయ్యే నాటికి హెచ్‌ఈవీసీ ఇంకా పురిట్లోనే ఉంది. పాపం ఆ చిప్‌కి అది పరాయి భాష. కాబట్టి మొత్తం భారం ప్రాసెసర్ మీద పడింది.

ఇంటెల్ చిప్‌లలో 10 బిట్ల హెచ్‌ఈవీసీ డీకోడర్ ఏడో తరం నుంచి ఉంది. ఏవీ1 డీకోడర్ 2020లో వచ్చిన పదకొండో తరం నుంచి ఉంది. 2023 జనవరిలో వచ్చిన ఎన్100 అనే చిన్న చిప్‌ని చూడండి. నాలుగే కోర్లు, ఇంటెల్ లెక్క ప్రకారం 6 వాట్లు. ఆఫీసు పనిలో అది గొప్ప వేగం చూపదు. కానీ హెచ్‌ఈవీసీ, ఏవీ1 రెండూ దాని డీకోడర్‌కి వచ్చు. మా డెస్క్‌టాప్ చేతులెత్తేసిన పుట్టినరోజు వీడియోని అది ప్రాసెసర్‌కి పనే లేనట్టు ఆడించింది. రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ సంగతి ఇంకో రకం. 2019 నాటి పై 4లో హెచ్.264కీ, హెచ్‌ఈవీసీకీ డీకోడర్లున్నాయి. 2023లో వచ్చిన పై 5 దానికన్నా చాలా వేగమైంది, అయినా దానిలో హెచ్.264 డీకోడర్ తీసేశారు, హెచ్‌ఈవీసీది మాత్రం ఉంచారు. ప్రాసెసర్ బలం పెరిగింది కాబట్టి హెచ్.264ని అదే లాక్కొస్తుంది. రెంటిలోనూ ఏవీ1 డీకోడర్ లేదు. కొత్తది కొంటే అన్నీ వస్తాయనుకోకూడదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

10 బిట్లు అన్నాను కదా, దాని గురించి ఒక్క మాట. 8 బిట్లంటే ఒక్కో రంగుకి 256 మెట్లు, 10 బిట్లంటే 1024. సూర్యాస్తమయం ఆకాశంలో రంగు మెట్లు మెట్లుగా, ముగ్గు చారల్లా కనపడితే మెట్లు చాలలేదని అర్థం. వెలుగునీడలు గాఢంగా చూపించే హెచ్‌డీఆర్ వీడియోలకి 10 బిట్లు తప్పనిసరి.

సెకనుకి ఎన్ని బొమ్మలు?

డీకోడర్ కుదిరాక కూడా నాకు ఏదో వెలితి కనపడుతూనే ఉంది. సినిమాలో కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగేటప్పుడు భవనాలు చిన్న చిన్న కుదుపులతో జరుగుతున్నాయి. మా ఇంట్లో మిగతావాళ్లెవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం ఒకసారి కనపడ్డాక ఇక చూడకుండా ఉండటం కుదరలేదు.

సినిమా సెకనుకి 24 బొమ్మలు. కంప్యూటర్ మామూలుగా టీవీకి సెకనుకి 60 బొమ్మలు పంపుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. బొమ్మని రెండున్నర సార్లు చూపించలేం కాబట్టి ఒకటి రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు, మళ్లీ రెండు, మళ్లీ మూడు. ఒక బొమ్మ తెర మీద 33 మిల్లీసెకన్లుంటే పక్కది 50 మిల్లీసెకన్లుంటుంది. తాళం తప్పిన నడక అది. టీవీని 24 హెర్ట్జ్‌కి మారిస్తే ప్రతి బొమ్మా సమానంగా నిలుస్తుంది, కుదుపు పోతుంది. ఇప్పటి టీవీలు చాలావరకు దీన్ని ఒప్పుకుంటాయి. కోడి (Kodi) అనే ప్లేయర్ ప్రోగ్రామ్‌లో 'అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్' అనే ఏర్పాటుంది. అది ఆన్ చేస్తే సినిమాకి 24, పెళ్లి వీడియోకి 50, ఫోన్ వీడియోకి 60 అలా తనే మారుస్తుంది. ఖర్చు లేకుండా జరిగే మేలు ఇది. ఈ వ్యాసంలో మీరు ఒక్కటే చేద్దామనుకుంటే ఇది చేయండి.

ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది. చాలా ఫైళ్లలో సినిమా నిజానికి 24 కాదు, 23.976. అమెరికా కలర్ టీవీ లెక్కల నుంచి మిగిలిపోయిన అంకె అది. టీవీ సరిగ్గా 24 దగ్గర ఉండి ఫైలు 23.976 అయితే దాదాపు 42 సెకన్లకోసారి ఒక బొమ్మ తేడా వస్తుంది. మంచి చిప్‌లు రెండు వేగాలనీ విడివిడిగా ఇవ్వగలవు. పాల్ పద్ధతిలో చేసిన సినిమా డిస్కులది మరో కథ. 24 బొమ్మలని 25గా తిప్పేసేవారు. రెండున్నర గంటల సినిమా 144 నిమిషాల్లో అయిపోయేది. పాట శ్రుతి కూడా పెరిగేది, హార్మోనియం మీద ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ ఉన్న దూరంలో పదింట ఏడు వంతులు. థియేటర్లో విన్న పాట డిస్కులో కొంచెం పలచగా వినిపించిందని ఎవరైనా అంటే వాళ్ల చెవిని తప్పుపట్టకండి.

చప్పుడు, వేడి

ఎండాకాలంలో మన హాలు నిశ్శబ్దంగా ఉండదు. సీలింగ్ ఫ్యాను, కూలరు, వీధి చప్పుడు అన్నీ కలిసి చిన్నాచితకా శబ్దాలని మింగేస్తాయి. డిసెంబర్ రాత్రి ఫ్యాను ఆపి, తలుపులేసుకుని సినిమా చూసేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. సన్నివేశంలో ఇద్దరు మాట్లాడకుండా ఒకరినొకరు చూసుకుంటున్న చోట కంప్యూటర్ ఫ్యాను సన్నగా కూస్తుంటుంది. కంప్యూటర్ కొన్న నెలకే దాన్ని పక్కన పెట్టేసిన ఇళ్లు నాకు తెలుసు, ఆ కూత భరించలేకే.

ఫ్యాను చప్పుడు దాని వేగంతో పాటు మామూలుగా పెరగదు, విపరీతంగా పెరుగుతుంది. ఇంజినీర్ల లెక్కలో వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి సగం అయినట్టుంటుంది. ఇక గాలి సంగతి చూస్తే, అదే వేగంలో తిరిగే ఫ్యాను వ్యాసం ఒకటిన్నర రెట్లయితే అది తోసే గాలి మూడు రెట్లు దాటుతుంది. కాబట్టి నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను మేలు, చిన్న డబ్బాలో గిర్రున తిరిగే బుల్లి ఫ్యాను చేటు. అన్నిటికన్నా మేలు అసలు ఫ్యానే లేకపోవడం. 6 వాట్ల చిప్‌కి డబ్బా గోడనే వేడి పీల్చే రెక్కలుగా పోతపోసి, ఫ్యాను లేకుండా చేసిన మినీ పీసీలు దొరుకుతున్నాయి. తిరిగే హార్డ్‌డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ పెడితే ఇక అందులో కదిలే వస్తువే ఉండదు.

అయితే ఫ్యాను లేని పెట్టె మన వేసవిలో నిలుస్తుందా? లెక్క చూద్దాం. అదే పని చేస్తున్నంతసేపు చిప్ గది వేడికి ఇంచుమించు ఒకే అంతరంలో ఉంటుంది. గది 28 డిగ్రీలున్నప్పుడు చిప్ 65 దగ్గర ఉందనుకుంటే, గది 42కి చేరినప్పుడు చిప్ 79 దగ్గరుంటుంది. ఇంటెల్ చిప్‌లు చాలావరకు 100 డిగ్రీలు దాటబోతేనే తమ వేగం తాము తగ్గించుకుంటాయి. అంటే రెంటచింతల, రామగుండం ఎండల్లో కూడా నెట్టుకురావచ్చు, తలుపున్న టీవీ షోకేసులో బిగించనంత వరకు. అక్కడ గాలి కదలదు, వేడి అక్కడే తిరుగుతుంది. మా పెట్టెని టీవీ వెనక స్టాండుకి బిగించాం. పైనా కిందా గాలి ఆడుతుంది, బల్లి దూరే సందు లేకుండా వెనక జాలీ ఉంది. నెలకోసారి పొడి బ్రష్షుతో దుమ్ము దులపాలి.

కరెంటు లెక్క కూడా చిన్నది కాదు. రోజంతా ఆన్‌లో ఉండే పాత డెస్క్‌టాప్ ఊరికే కూర్చుని 50 వాట్లు తాగితే నెలకి 36 యూనిట్లు. 10 వాట్ల మినీ పీసీ అయితే 7 యూనిట్ల చిల్లర.

4కేనా, ఫుల్ హెచ్‌డీ చాలా?

దీని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది, జవాబు మాత్రం చిన్నది. మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా విడదీసి చూడగలదు. 55 అంగుళాల టీవీ మీద ఫుల్ హెచ్‌డీ చుక్క వెడల్పు 0.63 మిల్లీమీటర్లు. అది ఆ కోణంలో ఇమిడేది 2.2 మీటర్ల దగ్గర, అంటే ఏడడుగుల చిల్లర. మా సోఫా పదడుగుల దూరంలో ఉంది. అంత దూరం నుంచి ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ చుక్కల్లో తేడా కనపడదు. తేడా కనపడేది రంగులోనూ వెలుగులోనూ, హెచ్‌డీఆర్ వల్ల. 4కే టీవీ ఉంటే దానికి 60 హెర్ట్జ్‌లో 4కే పంపే హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు మాత్రం ఉండేలా చూసుకోండి. 1.4 పోర్టు 4కేని సెకనుకి 30 బొమ్మల దాకానే మోస్తుంది.

చాలామంది పట్టించుకోని అమరిక ఇంకోటుంది. టీవీ వీడియోలో నలుపంటే 16, తెలుపంటే 235. కంప్యూటర్ లెక్కలో నలుపు 0, తెలుపు 255. ఒకరి లెక్క ఇంకొకరికి తెలియకపోతే రాత్రి దృశ్యాలు బూడిదరంగుకి తిరుగుతాయి, లేదా చీకట్లో ఉన్నదంతా మాయమవుతుంది. రెండు చోట్లా ఒకే లెక్క పెట్టాలి, 'లిమిటెడ్' అయినా సరే, 'ఫుల్' అయినా సరే.

మాట వినపడాలి

"పాట ఇల్లదిరిపోతుంది, మాట వినపడదు" అని నాన్న ఎప్పుడూ అంటారు. ఆయన చెవుల్లో లోపం లేదు. ఇప్పటి సినిమా శబ్దాన్ని ఆరు దారుల్లో కూరుస్తారు, సంభాషణలన్నీ మధ్య దారిలో ఉంటాయి. ఇంట్లో ఉన్నవి రెండే స్పీకర్లు కాబట్టి ప్లేయర్ ఆ మధ్య దారిని రెంటికీ పంచి, పాటలూ పోరాటాల హోరుతో కలిపేస్తుంది. మాట అందులో మునుగుతుంది. కోడిలోనూ వీఎల్‌సీలోనూ హోరు తగ్గించి మాట పైకి తేల్చే ఏర్పాట్లున్నాయి. అవి పెట్టాక నాన్న రిమోట్ పట్టుకుని సౌండు పెంచడం తగ్గించడం మానేశారు.

పెదవులకీ మాటకీ పొత్తు తప్పడం ఇంకో బాధ. బొమ్మని మెరుగుపరచడానికి టీవీ తీసుకునే సమయం వల్ల మాట ముందొచ్చేస్తుంది. మాట బొమ్మ కన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే మనిషి పట్టేస్తాడు, అదే వెనకబడితే 125 మిల్లీసెకన్ల దాకా పట్టడు. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఇచ్చిన అంకెలివి. ప్రకృతిలో ఎప్పుడూ మెరుపు ముందు, ఉరుము తర్వాత. దూరాన చాకిరేవులో బట్ట బండకి తగిలాకే చప్పుడు వినపడేది. మాట ఆలస్యమవడం మన మెదడుకి అలవాటు, ముందుకి రావడం అలవాటు లేదు. ప్లేయర్లో మాటని కాస్త వెనక్కి జరిపితే సరిపోతుంది.

కంప్యూటర్ ఎవరికి అక్కర్లేదు?

కేవలం ఓటీటీలు చూసే ఇంటికి కంప్యూటర్ కొనమని చెప్పను. ఆ సంస్థలు తమ సినిమా కాపీ కాకుండా వైడ్‌వైన్‌లాంటి తాళాలు వేస్తాయి. తాళం చిప్‌లోనే ఉన్న పరికరానికి 4కే ఇస్తాయి, బ్రౌజర్‌లో సాఫ్ట్‌వేర్ తాళం మాత్రమే ఉంటే నాణ్యత తగ్గించి ఇస్తాయి. లైనక్స్ కంప్యూటర్లకి దక్కేది చాలావరకు ఆ రెండో రకమే. టీవీకి గుచ్చే చిన్న స్టిక్ ఈ విషయంలో వేల రూపాయలు పోసి కొన్న కంప్యూటర్ కన్నా మెరుగు. మా ఇంట్లో ఓటీటీలకి టీవీ యాప్‌లే వాడుతున్నాం.

కంప్యూటర్ కావాల్సింది సొంత వీడియోలున్న ఇంటికి. పెళ్లి డిస్కులు, ఫోన్ వీడియోలు, కొనుక్కున్న సినిమా డిస్కులు, ఆకాశవాణిలో రికార్డు చేసుకున్న పాటలు ఉన్న ఇంటికి. మేం చివరికి తెచ్చుకున్నది ఎన్100 చిప్, 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్న ఫ్యాను లేని పెట్టె. దానిలో కోడిని నడిపించడం కోసమే తయారైన లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. విండోస్ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు హాలు కోసమని మీడియా సెంటర్ తెచ్చింది, 2015లో విండోస్ 10 వచ్చేసరికి తీసేసింది. ఎక్స్‌బాక్స్ ఆట పెట్టెలో సినిమాలు ఆడించడానికి ఔత్సాహికులు రాసుకున్న ప్రోగ్రామ్ మాత్రం పెరిగి పెద్దదై 2014లో కోడి అని పేరు మార్చుకుని ఇవాళ్టికీ ఉంది.

రిమోట్ గురించి ముందే ఆలోచించాల్సింది. టీవీ రిమోట్‌తోనే అన్నీ నడిపే సీఈసీ సౌకర్యం రాస్‌బెర్రీ పైలో ఉంది, మామూలు పీసీల్లో చాలావాటికి లేదు. మేం యూఎస్‌బీ రిసీవర్ ఉన్న రిమోట్ కొన్నాం. కీబోర్డూ మౌసూ ఉన్న పెట్టెని అమ్మ ముట్టుకునేది కాదు. రిమోట్‌లో ఉన్న ఆ అయిదారు బటన్లతో ఇప్పుడు తనే పెట్టుకుంటోంది.

తలంబ్రాల ఘట్టం మళ్లీ చూశాం. చేతులు చేతుల్లాగే ఉన్నాయి. తాతయ్య సన్నగా, కండువా సర్దుకుంటూ కూర్చున్నారు. మూడో డిస్కులో అప్పగింతల దగ్గర మాత్రం బొమ్మ ఆగిపోయింది. ఇంట్లో రాసుకునే డిస్కుల్లో సమాచారం ఒక రకం రంగు పొరలో ఉంటుంది. వేడీ, తేమా, వెలుతురూ దాన్ని ఏళ్ల తరబడి తింటాయి. ఆ పొర పోయాక ఏ కంప్యూటరూ దాన్ని చదవలేదు. మీ బీరువాలో కూడా అలాంటి పెట్టె ఉండే ఉంటుంది. కంప్యూటర్ నిదానంగా చూసుకుని కొనుక్కోవచ్చు. ముందు ఈ వారంలోనే డిస్కు డ్రైవున్న లాప్‌టాప్ ఎవరి దగ్గరుందో కనుక్కుని, ఆ డిస్కులని రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసి పెట్టండి.